గల్ఫ్‌లో బాంబు పడితే మావాళ్ళకు దిక్కెవరు? విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాయునది. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. ఇక్కడ గానీ, ఏటికి అవతల నరసాపురం, పాలకొల్లు వైపు గానీ, కువైట్‌కో మస్కట్‌కో దోహాకో మనిషి వెళ్ళని వీధి కనపడదు. వెళ్ళేవాళ్ళలో ఇంటిపనికి పోయే ఆడవాళ్ళు చాలామంది. మా ఊళ్ళో స్లాబు పడిన ఇళ్ళు చాలావరకు వాళ్ళ రెక్కల కష్టమే.

2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదైద్ స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వదిలినప్పుడు మా వీధిలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కూతురికి పెట్టిన వాట్సాప్ మెసేజికి రెండో టిక్కు పడేదాకా పక్కింటి పెద్దమ్మ ఫోను చేతిలోంచి దించలేదు. ఆ దాడిలో ఎవరూ చనిపోలేదు, దేవుడి దయ. చనిపోయి ఉంటే ఆ ఇంటికి ఏం ఇచ్చేవారు సార్?

సరిహద్దు అవతలి నుంచి జరిగే కాల్పుల్లో పౌరులు చనిపోతే 2016 నుంచి కేంద్రం 5 లక్షలు ఇస్తోంది. అయితే అది మన భూభాగం వరకే. పరాయి దేశంలో పోతే మిగిలేది ప్రవాసీ భారతీయ బీమా, 10 లక్షలు. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలే. కానీ ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో, అంటే పదో తరగతి పాసవనివాళ్ళు గల్ఫ్ లాంటి చోట్లకు పనికి వెళ్ళేముందు తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతితో, వెళ్ళినవాళ్ళకే ఆ బీమా తప్పనిసరి. పదో తరగతి పాసవని ఆడమనిషి ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. అందుకే ఆ వయసు రానివాళ్ళను ఏజెంట్లు ఆ అనుమతి లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తున్నారు. అంటే ఏ అండా లేని మనిషికే బీమా కూడా లేదు. ఏజెంట్ల మీద కేసులు పెట్టండి, మేమే సాక్ష్యం చెబుతాం. తల్లిని పోగొట్టుకున్న పిల్లలు ఏం తప్పు చేశారని వాళ్ళకు శిక్ష?

బాంబు వేసినవాళ్ళే ఇస్తారులే అనుకోవడానికి లేదు. 2015లో అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేసి 42 మందిని చంపింది. ఒక్కో ప్రాణానికి ఇచ్చింది 6,000 డాలర్లు.

యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళను మన ప్రభుత్వమే ఆదుకోవాలన్నది కొత్త కోరికేం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధంలో గాయపడిన కార్మికులకు పరిహారం కోసం 1943లో తెల్లవాళ్ళ ప్రభుత్వమే చట్టం చేసింది. చైనా యుద్ధమప్పుడు, 1962లో, మన పార్లమెంటు కూడా బాంబు దెబ్బలకు సాయమందించే చట్టం తెచ్చింది.

విదేశంలో దాడికి బలైన ప్రతి భారతీయుడి కుటుంబానికీ, ఏ వీసా మీద వెళ్ళారన్నది చూడకుండా, మన ప్రభుత్వమే ముందు పరిహారం ఇవ్వాలి. దాడి చేసిన దేశం దగ్గర తర్వాత వసూలు చేసుకోండి. భౌతికకాయం తెప్పించడానికి ఎంబసీల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది కదా, మొదటి విడత అందులోంచి నెలలోపే ఇప్పించండి. క్షిపణి దాడి ప్రమాదం కిందికి రాదని ఇన్సూరెన్సు కంపెనీ తప్పించుకోకుండా పాలసీలో స్పష్టంగా రాయించండి. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో దీనిమీద ప్రకటన చేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
రాజోలు ప్రాంత గల్ఫ్ కుటుంబాల తరఫున ఒక పౌరుడు