తిరుగు ప్రయాణానికి శిక్షణ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ విద్య గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ వెళ్లడం గురించే ఉంటున్నాయి. ప్రవేశ పరీక్షలు, వీసా, బ్యాంకు రుణం, అక్కడి చలి వంటి వాటి మీద ఎంతో రాస్తారు గానీ, చదువు ముగించుకుని ఇల్లు చేరిన వారి సంగతి ఎవరికీ పట్టదు. సొంత ఇంటికి రావడంలో కష్టమేముంటుందన్న నమ్మకమే ఇందుకు కారణమని, అలా తిరిగి వచ్చిన వారిలో ఒకరిగా నేను భావిస్తున్నాను.

ఆ నమ్మకం సరికాదని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. అమెరికా ప్రభుత్వమిచ్చే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు సహాయంతో ఆ దేశం వెళ్లి వచ్చిన నార్వే దేశీయులను పరిశీలించిన స్వెర్రె లిస్‌గార్డ్, పరాయి గడ్డ మీద తొలి ఉత్సాహం, ఆపైన కుంగుబాటు, తర్వాత కుదురుకోవడం వరుసగా వస్తాయని 1955లో రాశారు. ఇంటికి చేరాక అదే వరుస మరోసారి నడుస్తుందని 1963లో గల్లహార్న్ దంపతులు చూపించారు. వీరికంటే ముందే, 1945లో, సామాజిక తత్వవేత్త ఆల్ఫ్రెడ్ షూట్జ్ అసలు కిటుకు చెప్పారు: కొత్త చోటికి వెళ్లేవాడు అంతా కొత్తగానే ఉంటుందని సిద్ధపడి వెళతాడు, ఇంటికి వచ్చేవాడు మాత్రం తనకు తెలిసిన ఇల్లే ఎదురుచూస్తోందనుకుని వస్తాడు.

అక్కడ ఉన్నన్నాళ్లూ మనం మారుతున్నట్టు మనకు తెలియదు, ఎందుకంటే మన పాత తీరు ఎరిగినవారు అక్కడ ఎవరూ ఉండరు. నా సెమినార్లలో ప్రొఫెసరు వాదనను విద్యార్థి అందరి ముందే కాదంటే, ఆయన కాగితం మీద రాసుకుని కృతజ్ఞతలు చెప్పేవారు. అది చూసి చూసి నాకూ అలవాటైంది. తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరాక, తొలి సమావేశంలోనే పై అధికారి చెప్పిన ఒక లెక్క పొరపాటని, ఎలా పొరపాటో వివరించాను. ఆయన “ఇంకేమైనా ఉన్నాయా?” అని అడిగి తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. టీ వేళకు ఒక సహోద్యోగి నా పక్కకు వచ్చి, “లెక్క తప్పే మేడమ్, కానీ అందరి ముందా?” అన్నాడు. సాయంత్రానికి లెక్కను సరిదిద్దారు, ఆ వారమంతా ఆయన నాతో మాట్లాడలేదు. నేను చెప్పింది సబబే అని ఈ రోజుకీ అంటాను. అయితే అలా మాట్లాడటం నాకు సహజమైపోయిందని ఆ గదిలోనే తొలిసారి తెలిసింది.

ఇల్లు కూడా మనకోసం ఆగి ఉండదు. వీడియో కాల్‌లో నాన్నగారి ముఖం రోజూ కనిపించేది గానీ, ఆయన మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం వచ్చాకే చూశాను. స్నేహితులు “ఎలా ఉంది అక్కడ?” అని అభిమానంగానే అడుగుతారు, రెండు ముక్కల్లో చెబితే సంతోషిస్తారు, మూడో ముక్కకు చూపు తిప్పుకుంటారు. వారిని తప్పుపట్టలేం. “మేమక్కడ ఉన్నప్పుడు” అని ప్రతి మాటా మొదలుపెట్టేవారిని చూస్తే నాకే విసుగొస్తుంది.

ఈ మథనం వృథా పోదన్న ఆధారమూ ఉంది. విదేశాల్లో నివసించినవారికి తమ గురించి తమకు స్పష్టత పెరుగుతుందనీ, ఇందులో ఎన్ని దేశాలు తిరిగారన్న దానికంటే ఎంతకాలం ఉన్నారన్నదే ముఖ్యమనీ హాయో ఆడమ్, ఆయన సహ పరిశోధకులు 2018లో ప్రకటించారు. తమ విలువల్లో ఏవి నిజంగా తమవి, ఏవి పెరిగిన వాతావరణం నుంచి అలవాటుగా వచ్చినవి అని తరచి చూసుకోవడమే కారణమట. నాకు ఇది నమ్మదగినదిగానే తోస్తోంది, కాకపోతే ఆ స్పష్టత ఇంట్లో నాలుగు వాదనలు జరిగితే గానీ చేతికి రాదు.

కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులకు విశ్వవిద్యాలయాలు పరిచయ కార్యక్రమాలు జరుపుతాయి. చివరి సెమిస్టరులో, ఇళ్లకు వెళ్లబోయేవారిని, అంతకుముందే వెళ్లి కుదురుకున్నవారితో ఒక పూట కూర్చోబెడితే పెద్ద ఖర్చేమీ కాదు. స్కాలర్‌షిప్పు ఇచ్చే సంస్థలు చివరి నివేదికతో సరిపెట్టుకోకుండా, ఆరు నెలలు గడిచాక ఒకసారి పలకరించాలి. ఉద్యోగమిచ్చేవారు పట్టా చూసి తీసుకున్న మనిషిని, పని చేసే తీరులో ఏం నేర్చుకుని వచ్చావని కూడా అడగాలి. మీ విద్యా పుటలో ‘వెళ్లడం ఎలా’ అన్న వ్యాసాల పక్కనే, తిరిగి వచ్చినవారి అనుభవాలకు నెలకొకసారైనా చోటు కల్పించవలసిందిగా మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు