ముందు, తర్వాత సరే.. మధ్యలో సంగతి?

సంపాదకులకు,

బైపాస్ పక్కన గుడిసెలు తీసేసిన వార్తకు పోయిన వారం మీ జిల్లా పేజీలో రెండు ఫొటోలు వేశారు. ఎడమన బురద, పరదాలు. కుడిన చదునైన నేల, జేసీబీ, దాని ముందు పెద్దమనుషులు. 'ఎట్టకేలకు ఆక్రమణలకు చెక్' అని హెడ్డింగు. అప్పుడే రాద్దామనుకున్నా, శ్రావణం పెళ్లిళ్లతో స్టూడియోలో తీరిక చిక్కలేదు.

ఆ గుడిసెలు రాత్రికి రాత్రి మొలవలేదు. మా స్టూడియో డాబా ఎక్కితే ఆ జాగా మొత్తం కనిపిస్తుంది. చేతిలో కెమెరా ఉండే మనిషిని కాబట్టి మొదటి నుంచీ తీస్తూ వచ్చాను. ఎదురు అపార్టుమెంటుకు పునాది తవ్వినప్పుడు గుంపు మేస్త్రీ ఒడిశా నుంచి, బీహార్ నుంచి మనుషులను దించాడు. నాలుగు పరదాలు లేచాయి. స్లాబు మీద స్లాబు పడ్డకొద్దీ గుడిసెలూ పెరిగాయి. వంకరపోయిన సెంట్రింగ్ కర్రలు, విప్పి కుట్టిన సిమెంటు సంచుల గోడలు. ఒకామె పగిలిన టైల్స్ ముక్కలు ఏరుకొచ్చి గుమ్మం ముందు తెల్లవి ఒక వరుస, గోధుమరంగువి ఒక వరుస పరిచింది. సర్కారు జాగాకు ఆ పేదల దగ్గర నెలనెలా కిరాయి వసూలు చేసిన మొనగాడూ ఉన్నాడు. మీ కుడివైపు ఫొటోలోనే నిలబడ్డాడు, చూసుకోండి.

అపార్టుమెంటులో గృహప్రవేశాలు మొదలయ్యాయి. అంతే, గుడిసెలు కంట్లో నలుసయ్యాయి.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ మీ విలేకరి ఒకసారి చదివితే బాగుండేది. పని నడిచినన్నాళ్లూ కూలీలకు ఉచితంగా వసతి, వంటకు, స్నానానికి చోటు, మరుగుదొడ్డి పని చేయించే యజమానే చూపాలని అందులో ఉండేది. పని అయ్యాక వాటిని తీయించి నేల చదును చేయాల్సిందీ ఆయనే, తన ఖర్చుతో. ఇక్కడ కట్టుకున్నది కూలీలు, కూల్చింది మన పన్నుల డబ్బుతో. మా వీధి మోరీ పూడిక తీయమంటే జేసీబీ లేదన్న సార్లకు, దీనికి మాత్రం తెల్లారేసరికి రెండు దొరికాయి!

పాలమూరు లేబర్ అంటే దేశానికంతా తెలుసు. నాగార్జునసాగర్, శ్రీశైలంలో తట్టలు మోసింది మనవాళ్లు. బొంబాయి బస్సెక్కి అక్కడ పరదాలు కట్టుకున్నదీ మనవాళ్లే. ఆ బొంబాయి ఫుట్‌పాత్ గుడిసెల మీద వచ్చిన ఓల్గా టెల్లిస్ కేసులో, 1985లో సుప్రీంకోర్టు, ఖాళీ చేయించడానికి ఒప్పుకుంటూనే, వానాకాలం పోనివ్వండి, అక్టోబర్ 31 దాకా ఆగండి అంది. ఇక్కడ మన అధికారులు ముసురు పట్టిన పొద్దున కూల్చారు. నోటీసు ఇచ్చామంటున్నారు. తెలుగులో రాసి కరెంటు స్తంభానికి అంటించారు. ఒడియా మనిషి చదువుకోవాలి మరి!

2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో చిక్కుకున్న ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ కూలీలు. అప్పుడు పేజీలకు పేజీలు రాశారు. బతికున్న కూలీ ఎక్కడ పడుకుంటున్నాడో రాయడానికి మాత్రం మీకు జాగా దొరకదు.

నా ఫొటోలన్నీ తేదీలతో సహా ఇస్తాను, పైసా అక్కర్లేదు. వరుసగా వేయండి. నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమ సెస్సు కట్టాలి కదా, ఆ బిల్డర్ ఎంత కట్టాడో కనుక్కుని ఆ అంకె కూడా ఫొటోల కింద అచ్చు వేయండి.

– ఒక ఫొటోగ్రాఫర్, పాలమూరు జిల్లా