మిషను మీద ఎందుకమ్మా అంత కోపం?

చిన్నీకి అమ్మ ఆశీస్సులు.

1870ల నాటి గౌను మొత్తం చేత్తోనే కుడతానని, మిషను ముట్టుకుంటే అది అసలైన గౌనే కాదని నువ్వు పట్టుబట్టడం నాకు నచ్చలేదు. అమెరికాలో ఎలియాస్ హోవ్ కుట్టు మిషనుకు పేటెంటు తెచ్చుకున్నది 1846లో, సింగర్ 1851లో. నీ గౌను కాలానికి వాయిదాల మీద మిషను కొనుక్కున్న ఇళ్లు ఎన్నో. దీపం వెలుగులో బారెడు బారెడు స్కర్టులు చేత్తో కుట్టి విసిగిన ఆడవాళ్లు మిషను దొరికితే వదులుతారా? ఆ తర్వాత కుచ్చులు తగ్గకపోగా ఇంకా పెరిగాయి, అది వేరే సంగతి.

కాబట్టి పొడుగు కుట్లన్నీ మిషనుకే వదిలెయ్యి. నేరు కుట్టు చాలు. అంచు పోగులు ఊడకుండా మిషనే చుట్టేసే ఓవర్‌లాక్ మాత్రం వద్దు, ఆ ఇళ్లలో అది లేదు.

పైకి కనిపించే గౌనుతో మొదలుపెట్టకు. లోపల ఒంటికి తగిలేలా వేసుకునే షెమీజు, నడుము బిగించే కార్సెట్, వెనక ఎత్తు చూపించే బసిల్, దాని మీద పెట్టికోటు, ఇవన్నీ పూర్తిచేసి తొడుక్కున్నాకే కొలతలు తియ్యి. కార్సెట్ బిగిస్తే నడుమే కాదు, ఛాతీ ఎత్తు, వీపు వాలు కూడా మారిపోతాయి. బసిల్ వెనక గుడ్డను లాక్కుంటుంది కనుక ముందూ వెనకా ఒకే పొడవు కత్తిరిస్తే వెనక అంచు పైకి లేస్తుంది. బూట్లు కూడా వేసుకుని నిలబడి, అంచు గుర్తు ఎవరిచేతనైనా పెట్టించుకో.

పనితనమంతా గౌను పైభాగంలో, అంటే బాడీసులోనే తెలుస్తుంది. పట్టు ముక్కను, గట్టి నూలు లైనింగును ఒకదానిపై ఒకటి పరిచి, చుట్టూ కచ్చాకుట్టు వేసి, ఇక రెండూ ఒకే గుడ్డ అనుకుని కుట్టుకుపో. ఒంటికి అతికేలా వేసే కోణపు మడతలు, అదే డార్టులు, పక్క కుట్లు మిషను మీద. అక్కడితో మిషను మూసెయ్యి. లోపలి అంచులను పోగులు ఊడకుండా చేత్తో చుట్టి కుట్టాలి. డార్టుల మీద టేపు వేసి అందులో బాడీసును ముడత పడకుండా నిలబెట్టే పుల్లలు దూర్చాలి. అప్పట్లో వాటిని తిమింగలం నోటి పలకల నుంచి చీల్చేవారు, నీకు పల్చటి స్టీలువి దొరుకుతాయి. టేపును లోపలి మడతకే పట్టించు. సూది పట్టు దాకా దిగిందా, పైన వరసగా చుక్కలు కనిపిస్తాయి. నడుము దగ్గర లోపల ఒక పట్టీ ఉండాలి. వెనక కుట్లకు మాత్రమే దాన్ని కుట్టి, ముందు హుక్కు పెట్టు. తొడుక్కునేటప్పుడు మొదట ఆ హుక్కు, తర్వాతే బొత్తాలు. లాగుడంతా పట్టీ మీద పడుతుంది, కాజాలు చిరగవు.

స్కర్టు వెనక కుచ్చుకు రెండు వరసల పొడుగు కుట్లు, ఒకదాని కింద ఒకటి సరిగ్గా వచ్చేలా చేత్తో వెయ్యి. దారాలు లాగితే సన్నని మడతలు నిలువునా లేస్తాయి. ఒక్కో మడత కొసను నడుం పట్టీకి సూదితో పట్టించు. మిషను పాదం వాటిని అణిచేస్తుంది.

అంచుకు లోపల గట్టి గుడ్డ పట్టీ మరిచిపోకు. చీరకు ఫాల్ ఎందుకో ఇదీ అందుకే. నేల రాపిడికి అది అరిగిపోతే విప్పి కొత్తది వేస్తారు, గౌను మిగులుతుంది.

పట్టు కొయ్యకముందు చౌక నూలు గుడ్డతో బాడీసు ఒకటి కుట్టి చూడు. ఫోటోలు పంపేటప్పుడు తిరగేసి, లోపలి వైపువి కూడా పంపు. పైవైపు మీ టీచర్లు చూసుకుంటారు.

అమ్మ