బీము డ్రాయింగులు ఇక బయటికి పంపం

అమలాపురం ఆఫీసు నుంచి, మా దగ్గర ఇళ్లు కట్టించుకుంటున్నవారందరికీ.

ఈ వేసవిలో పునాదులు తీయాల్సిన కొన్ని ఇళ్లకు స్ట్రక్చరల్ డ్రాయింగులు ఆలస్యమయ్యాయి. కాలువలకు నీళ్లు కట్టేసిన రోజుల్లోనే మన నేలలో ఊట దిగుతుంది, పునాది పని అప్పుడే సుఖం. ఆ అదను కొందరికి దాటిపోతోంది. ఎందుకో చెప్పాల్సిన బాధ్యత మాది.

ప్లానూ, లెక్కలూ మా దగ్గరే అవుతాయి. వాటిని మేస్త్రికిచ్చే షీట్లుగా గీసే పని ఒక మహానగరంలోని డ్రాఫ్టింగ్ కంపెనీకి ఇచ్చాం. అమెరికా, ఆస్ట్రేలియా ఆఫీసులకు గీసిపెట్టే కంపెనీ. గీత శుభ్రంగానే ఉంటుంది, కాదనం. కానీ అక్కడ ప్రతి ఇల్లూ ఒకే టెంప్లేట్‌లోంచి వస్తుంది. ఉప్పుగాలి తగిలే ఇంటికి, కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 రకం కాంక్రీటు, 45 మి.మీ. కవరు (రాడ్ల బయట ఉండే కాంక్రీటు మందం) ఉండాలి. మేం పంపిన లెక్కల్లో అదే ఉంది. తిరిగొచ్చిన షీట్లలో కవరు 30. వెనక్కి పంపితే నోట్స్‌లో అంకె 45 చేసి, బార్ బెండింగ్ షెడ్యూల్‌ని (ఏ రాడ్డు ఎంత కోసి ఎలా వంచాలో చెప్పే పట్టికని) అలాగే వదిలేశారు. మళ్లీ పంపాం. ఇది అంతటా నడిచే ప్రమాణమేనని మాకు పాఠం చెప్పారు!

అంకె మారిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అని మీలో ఒకరిద్దరు అడిగారు. పోదండి. 230×450 మి.మీ. బీముకు 30 కవరైతే రాడ్ల చుట్టూ వేసే రింగు బయటి కొలత 170×390. 45 అయితే 140×360. రాడ్డు వంచే మనిషి నోట్స్ చదవడు, షెడ్యూల్ చూసి రింగు కోస్తాడు. పెద్ద రింగు సెంట్రింగ్ పెట్టెలో దిగాక ఏ కవరు బ్లాకు పెట్టినా 45 రాదు. కవరు పెంచితే కింది రాడ్డు 15 మి.మీ. పైకి జరుగుతుంది, బీముకు పనికొచ్చే లోతు అంతే తగ్గుతుంది, కాబట్టి రాడ్డు లెక్క కూడా ఆ లోతుకే చూడాలి. 230 వెడల్పులో రింగు సన్నబడితే కింద మూడు రాడ్ల మధ్య కంకర దిగే సందు ఉందో లేదో చూడాలి, లేకపోతే అడుగున గుల్ల వస్తుంది. కవరు చాలని బీములో రాడ్డు తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులు రాలగొడుతుంది. అంతర్వేది వైపు ఇళ్లలో సన్‌షేడ్ల అడుగున తలెత్తి చూస్తే తెలుస్తుంది.

లెవెల్సూ అంతే. ఇంటి ఫ్లోరును సున్నా అని రాసేసి, రోడ్డుకు ఎంత ఎత్తో వదిలేశారు. ఇక్కడ రోడ్డు మధ్య నుంచి కొలవకుండా, 1986 గోదావరి వరద ఆ స్థలంలో ఎంతవరకు వచ్చిందో అడగకుండా మెరక ఎంతో ఎలా తేలుతుంది?

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాం: ఆ షీట్లు ఏ సైటుకూ వెళ్లలేదు.

ఆ తర్వాత ఎటూ తేలక నలిగిపోయాం. ఇంకో కంపెనీని చూసుకోవడం తేలిక. ఆఫీసులోనే గీయాలంటే సాఫ్ట్‌వేర్‌కు సీటుకింతని ఏటా కట్టాలి, న్యూయార్క్ ఆఫీసు వాడేదీ అదే సాఫ్ట్‌వేర్, మన ఫీజులు మాత్రం కోనసీమ ఫీజులు. పైగా మేం పని నేర్పిన పిల్లలు చేయి తిరగ్గానే ఆ కంపెనీలకే వెళ్లి, ఎన్నడూ చూడని ఊళ్ల ఇళ్లు గీస్తున్నారు. వాళ్లను తప్పుపట్టం, అక్కడి జీతం మేమివ్వలేం. అయినా సరే, పునాది నుంచి శ్లాబు దాకా ప్రతి షీటూ ఇకపై ఇక్కడే గీస్తాం. మొండితనం అనుకుంటే అనుకోండి. త్రీడీ బొమ్మలు మాత్రం బయటే చేయిస్తాం, బొమ్మలో రాడ్డు ఉండదు కదా.

అందుకని దసరా వరకు కొత్త ఇళ్లు ఒప్పుకోం. పాత అగ్రిమెంట్ల ఫీజు పైసా పెరగదు.

కాలువలకు నీళ్లొచ్చాక పునాది తీయక తప్పనివారు ఇలా చేయించండి. ఫుటింగ్‌లకు (స్తంభాల కింది పునాది దిమ్మెలకు) అవతల ఒక మూల, గోతి అడుగుకంటే అడుగున్నర లోతుగా గుంట తీసి, మోటారు అందులో పెట్టాలి. ఫుటింగ్ గోతిలో పెడితే పచ్చి కాంక్రీటులోని సిమెంటు నీళ్లతో పోతుంది. అన్ని గోతులూ ఒకేసారి తవ్వొద్దు, ఒక్కో వరుస తవ్వి అదే రోజు బెడ్ కాంక్రీటు వేసెయ్యాలి. కాంక్రీటు గట్టిపడేదాకా మోటారు ఆపకూడదు. నీళ్లతో ఇసుక వస్తుంటే మాత్రం వెంటనే ఆపి మాకు ఫోన్ చేయండి, పక్కింటి గోడ కింది ఇసుకను లాగేస్తోందన్నమాట. రొయ్యల చెరువుల దగ్గర బోరు నీళ్లను టెస్టు చేయించకుండా కలపొద్దు. రాడ్డున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మి.గ్రా. దాటకూడదు.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మనవి. మీరు చూడ్డానికని మేం మెయిల్ చేసిన డ్రాఫ్ట్ పీడీఎఫ్‌లను మస్కట్ నుంచో డల్లాస్ నుంచో ఊళ్లో తమ్ముడికి ఫార్వర్డ్ చేసేస్తున్నారు, ఆయన దాన్ని తీసుకెళ్లి మేస్త్రికి చూపిస్తున్నాడు. మా సీలూ, రివిజన్ నంబరూ ఉన్న కాగితం చేతికొచ్చాకే రాడ్డు కొనండి.