శవం లేదు, డిటెక్టివ్ లేడు, అయినా మిస్టరీయే

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పుస్తకాల పేజీలో పాత మిస్టరీ నవలల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ ఒక్క విషయం మింగుడు పడలేదు. మిస్టరీ అంటే ముందు ఓ శవం పడాలి, తర్వాత ఓ డిటెక్టివ్ రావాలి, అవి లేనివన్నీ దెయ్యాల కథల కిందే లెక్క అన్నట్టు తేల్చేశారు. ఐర్లాండ్ దగ్గరికొచ్చేసరికి బ్రామ్ స్టోకర్ పేరు ఎత్తి, 'డ్రాక్యులా' అని ఓ ముక్క రాసి దాటేశారు. అది వచ్చింది 1897లో. దానికి ఏడేళ్ల ముందే, 1890లో, ఆయన 'ది స్నేక్స్ పాస్' అని ఒక నవల రాశాడు. పుట్టింది డబ్లిన్ దగ్గరే అయినా ఆయన నవలల్లో ఐర్లాండ్‌లో జరిగేది ఇదొక్కటే. ఇందులో శవమూ లేదు, డిటెక్టివూ లేడు, రక్తం తాగేవాడు అసలే లేడు. అయినా పట్టుకుంటే వదలబుద్ధి కాదు.

ఆర్థర్ సెవర్న్ అని ఒక ఇంగ్లండ్ కుర్రాడు. ఆస్తి కలిసొచ్చింది, చేసే పనేమీ లేదు, పడమటి ఐర్లాండ్ చూద్దామని గుర్రబ్బండి మాట్లాడుకుని బయల్దేరతాడు. దారిలో తుఫాను పట్టుకుంటుంది. ఒక విధవరాలి ఇంట్లో తలదాచుకుంటే, అక్కడ మంట చుట్టూ చేరిన ఊరివాళ్లు ఎదురుగా ఉన్న కొండ గురించి కథలు ఎత్తుకుంటారు. ఐర్లాండ్‌లో క్రైస్తవం నాటిన సెయింట్ పాట్రిక్ పాములన్నిటినీ దేశంలోంచి తరిమేస్తే పాముల రాజు ఒక్కడే పోనని మొండికేశాడట, వాడి బంగారు కిరీటం ఆ కొండలోనే ఎక్కడో ఉండిపోయిందట. అదొకటి. రెండోది, 1798లో బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ఐరిష్ వాళ్లకు సాయంగా ఫ్రెంచివాళ్లు దిగినప్పుడు వాళ్ల డబ్బు పెట్టె ఒకటి ఆ చుట్టుపక్కలే మాయమైందట.

నాకు నచ్చింది ఈ రెండో కథ, ఎందుకంటే దాని వెనక నిజం చరిత్ర ఉంది. ఫ్రెంచి జనరల్ హంబర్ట్ దాదాపు వెయ్యి మందితో ఆ ఏడాది ఆగస్టులో పడమటి ఐర్లాండ్‌లోని మాయో జిల్లా కిల్లాలా దగ్గర నిజంగానే దిగాడు, కాసిల్‌బార్‌లో బ్రిటిష్ దళాలను పరుగులు పెట్టించాడు, సెప్టెంబరు 8న బాలినమక్ దగ్గర లొంగిపోయాడు. అంత గందరగోళంలో ఒక పెట్టె దారి తప్పిందంటే ఎవరైనా నమ్ముతారు. పాముల కిరీటం పిల్లల కథ అనుకుని నవ్వుకునే పాఠకుడు కూడా ఈ పెట్టె మాట వచ్చేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

ఇంతలో ఆ ఇంటి తలుపు తోసుకుని జాయిస్ అనే రైతు వస్తాడు. ఒళ్లంతా తడి, దెబ్బలు. బాకీ గడువు తప్పకూడదని పరుగున వస్తుంటే దారిలో గుర్రంతో సహా పడిపోయాడు, అందుకే ఆలస్యం. అప్పిచ్చిన మర్డాక్ అక్కడే కూర్చుని ఉన్నాడు. గడువు దాటింది కాబట్టి పొలం నాదే అంటాడు, అక్కడున్న ఒక్కరికీ అది న్యాయం కాదని తెలుసు, ఒక్కరి చేతా ఏమీ కాదు. కాగితం వాడి వైపు ఉంది మరి. నిధి ఆ పొలంలోనే ఉండొచ్చని వాడి అనుమానం, అందుకే ముందు అప్పిచ్చి తర్వాత భూమి లాక్కున్నాడు. నిధి వేట కథల్లో మామూలుగా గునపాలు, మ్యాపులు ఉంటాయి, వీడు మాత్రం వడ్డీతో తవ్వుతాడు! నాకైతే డ్రాక్యులా కంటే వీణ్ణి చూస్తేనే ఎక్కువ టెన్షన్.

స్టోకర్‌కి ఇది గాల్లోంచి ఊడిపడలేదు. నాటకాల కోసం 1878లో లండన్ వెళ్లిపోక ముందు ఆయన డబ్లిన్ కాసిల్‌లో ప్రభుత్వోద్యోగి, చిన్న కోర్టుల ఇన్‌స్పెక్టర్. ఊరూరా తిరిగి ఆ కోర్టులు చూడటం ఉద్యోగంలో భాగం. వాటిల్లో గుమాస్తాలు ఏ పని ఎలా చేయాలో చెబుతూ ఒక లావుపాటి పుస్తకం కూడా రాశాడు (దాన్ని ఎవరైనా సరదాకి చదివి ఉంటారని మాత్రం అనుకోను). అప్పు కాగితం మనిషిని ఎలా మింగుతుందో తెలిసినవాడు రాసిన సీను అది.

ఇక అసలు విలన్ ఒక ఊబి. జాయిస్ పొలం పక్కనే కొండ మీద కదిలే ఊబి ఉంటుంది. ఆర్థర్ పాత స్నేహితుడు డిక్ సదర్లాండ్ దాన్ని పరిశీలించడానికే వచ్చాడు, అది ఎలా పుడుతుంది, ఎందుకు కదులుతుంది, ఎలా ఎండగట్టాలి అని ఒక అధ్యాయం మొత్తం పాఠం చెబుతాడు. కొందరు ఆ పేజీలు తిప్పేస్తారని తెలుసు. దయచేసి తిప్పకండి, భయమంతా అక్కడే ఉంది. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నాచు, గడ్డి, దాని బరువులో ఎక్కువ భాగం నీళ్లే. మీగడ కట్టిన పాలలాగా పైన గట్టిగా కనిపిస్తుంది, వానలు ఎక్కువైతే లోపలి బురద బరువు ఆగక పైపొరను చీల్చుకుని పల్లానికి పారుతుంది. ఇది కూడా కల్పన కాదు. నవల వచ్చిన ఆరేళ్లకు, 1896 డిసెంబరులో, ఐర్లాండ్‌లోనే కెర్రీ జిల్లాలో ఇలాగే ఊబి తెగి రాత్రికి రాత్రి ఒక ఇంటిని, అందులోని ఎనిమిది మందిని తీసుకుపోయింది. ఆ సంగతి తెలిశాక ఆ 'బోరు' అధ్యాయాన్ని ఇంకోసారి చదివి చూడండి. మర్డాక్ నిధి కోసం ఊబిలో వెతుకుతూనే ఉంటాడు, వాన పడుతూనే ఉంటుంది, మనకేమో డిక్ చెప్పిన పాఠం గుర్తొస్తూ ఉంటుంది. హంతకుడెవరో తెలియకపోవడం ఒక రకం సస్పెన్స్. ఏం జరగబోతుందో తెలిసీ ఎప్పుడో తెలియకపోవడం ఇంకో రకం, నా ఓటు దీనికే.

లోపాలు లేవా అంటే చాలానే ఉన్నాయి. బండివాడు ఆండీ మాట్లాడే యాసను ఉచ్చారణతో సహా అచ్చు వేశారు, నవ్వు తెప్పిస్తాడు గానీ రెండు మూడు పేజీలయ్యాక కళ్లు లాగుతాయి. జాయిస్ కూతురు నోరాతో ప్రేమకథ కొంచెం సాగదీతే, కాకపోతే స్నేహితులిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే అమ్మాయిని ప్రేమించడం అనే చిక్కు బాగా నడిచింది. నాకు నిజంగా గుచ్చుకునేది వేరే. ఐర్లాండ్ రైతులు భూస్వాములకు ఎదురు తిరిగి 1879లో ల్యాండ్ లీగ్ అనే సంఘం పెట్టుకున్నారు, మరుసటి ఏడాది మాయోలో భూస్వామి ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్‌ను ఊరంతా వెలివేసింది. అదంతా జరిగి పదేళ్లయ్యాక రాసిన ఈ నవలలో రైతు కష్టానికి మందు ఏమిటంటే, డబ్బున్న ఇంగ్లిషు కుర్రాడు వచ్చి భూములు కొనేయడమే. ఎంత తేలికైపోయిందో చూడండి! రెండు వందల పేజీలు అప్పు గురించి అంత నిజం చెప్పి, పరిష్కారం దగ్గర మాత్రం స్టోకర్ ముఖం చాటేశాడు.

అయినా చదవమనే అంటాను. మీ పేజీలో తర్వాతి వ్యాసం ఎవరు రాసినా ఈ పుస్తకానికి నాలుగు పేరాలు ఇవ్వమని విన్నపం. ఇంకో మాట, కిరీటం, పెట్టె దొరికాయా లేదా, ఊబి ఎవరిని మింగింది అనేవి మాత్రం అందులో రాయించకండి. పోయినసారి వ్యాసంలో రెండు నవలల ముగింపులు బయటపెట్టేశారు, వాటిలో ఒకటి నేను సగంలో ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు