లీజు సంతకానికి ముందు పాత రోడ్డు సంగతి కూడా చూడండి

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ రహదారిని దశాబ్దాల పాటు ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చి, డబ్బంతా ముందే తీసుకునే ఆలోచనలో మీ శాఖ ఉందని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకప్పుడు లారీ నడిపాను, ఇప్పుడు సొంతంగా నాలుగు బండ్లు తిప్పుతున్నాను.

రోడ్డు కంపెనీ చేతికి పోయి టోల్ పెరిగాక ఏం జరుగుతుందో చెబుతాను. తెల్లవారుజామున టోల్ రోడ్డూ, టోల్ లేని పాత రోడ్డూ చీలే చోట డ్రైవర్ బండి పక్కకు ఆపి ఫోన్ చేస్తాడు. "టోల్ మీద పోనా, పాత రోడ్డున పోనా?" కిరాయి లోడు ఎత్తేటప్పుడే ఖాయమైపోయింది, పార్టీ పైసా ఎక్కువ ఇవ్వదు. "పాత రోడ్డే" అంటాను. అన్న ప్రతిసారీ టెన్షనే. ఆ రోడ్డు ఊళ్ల మధ్య నుంచి, బడి గేటు ముందు నుంచి పోతుంది. పిల్లలు దాటుతుంటే నిండు లోడు బండిని ఆపడం, మళ్లీ మొదటి గేరు నుంచి లాగడం. డీజిల్ ఎక్కువ తాగుతుంది, సరుకు ఆలస్యమవుతుంది. నాలాగే లెక్క వేసుకున్న బండ్లు ముందూ వెనకా బారులు తీరి ఉంటాయి.

ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డు అరుగుదల సుమారు 16 రెట్లు అవుతుందని ఇంజనీర్ల లెక్క. అంటే లారీలు తప్పుకున్న టోల్ రోడ్డు కంపెనీకి పదిలంగా ఉంటుంది, గుంతలన్నీ పాత రోడ్డుకే. వాటిని పూడ్చే ఖర్చు మీ శాఖది. ముందు వచ్చిన డబ్బులోంచి ఈ ఖర్చు ఎవరైనా తీసేసి చూశారా?

బ్రిటన్‌లో ఎం6 అనే పెద్ద రహదారి మీద రద్దీ తగ్గించడానికి 2003లో ఎం6 టోల్ అనే టోల్ రోడ్డు తెరిచారు. లారీలు చాలావరకు పాత ఎం6నే పట్టుకున్నాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 1999లో 407 హైవేను 99 ఏళ్లకు ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇచ్చేసింది. టోల్ పెంచడానికి కంపెనీకి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదని ఒప్పందంలోనే ఉంది. తర్వాత ప్రభుత్వం అభ్యంతరం చెప్పినా నెగ్గలేదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కాలిఫోర్నియాలోని 91 ఎక్స్‌ప్రెస్ లేన్ల కథ. ఉచిత రహదారి మధ్యలో ప్రైవేటు కంపెనీ వేసిన టోల్ లేన్లవి. పక్కనున్న ఉచిత లేన్లను వెడల్పు చేయకూడదని ఒప్పందంలో షరతు. జనం ట్రాఫిక్‌లో ఇరుక్కుని అల్లాడినా ప్రభుత్వం చేతులు కట్టేసినట్టే ఉండిపోయింది. చివరికి 2003లో స్థానిక రవాణా సంస్థ 20 కోట్ల డాలర్లకు పైగా పోసి ఆ లేన్లను కొనుక్కోవాల్సి వచ్చింది.

ప్రైవేటు కంపెనీ వద్దని నేననను. మంచి రోడ్డు మీద బండి టైముకు చేరితే దానికి తగిన టోల్ కట్టడానికి నేను సిద్ధమే. లారీ టోల్ ఏటా ఎంతకు మించి పెరగకూడదో ఒప్పందంలో రాయించండి. పాత రోడ్డును బాగుచేసే, వెడల్పు చేసే హక్కు వదులుకోకండి. ఒప్పందం కాపీని సంతకానికి ముందే జనం ముందు పెట్టండి.

దానికన్నా ముందు, మీ అధికారులను ఒక్క రాత్రి ఆ రోడ్లు చీలే చోట నిలబడి, ఎన్ని లారీలు ఎటు తిరుగుతున్నాయో లెక్కపెట్టమనండి.

ఇట్లు,
ఒక లారీ యజమాని