‘బౌవెట్’ కాదు, బువే ద్వీపం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక విద్యార్థుల పుటలో ‘అంటార్కిటికాలోని బౌవెట్ ద్వీపం ఏ దేశానిది?’ అన్న ప్రశ్న, ‘నార్వే’ అన్న జవాబు వేశారు. జవాబు సరైనదే. ప్రశ్నలోనే రెండు తప్పులున్నాయి. పోటీ పరీక్షలకు చదువుతున్న మా మనవరాలు ఆ ముక్కను కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకోవడం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మొదటి తప్పు చోటుకు సంబంధించినది. ఈ ద్వీపం దక్షిణ అట్లాంటిక్‌లో, 54 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి కొద్ది దూరంలో ఉంది. అంటార్కిటికాలో మన మైత్రి పరిశోధన కేంద్రమున్న క్వీన్ మాడ్ ల్యాండ్ తీరం అక్కడికి ఇంకా 1,700 కిలోమీటర్ల దక్షిణాన ఉంది. ద్వీపం విస్తీర్ణం 49 చదరపు కిలోమీటర్లు. అందులో 93 శాతం హిమానీనదాల కిందే ఉంది కనుక చూపుకు అంటార్కిటికాలాగే ఉంటుంది. కాని అంటార్కిటిక్ ఒప్పందం 60 డిగ్రీలకు దక్షిణాన ఉన్న ప్రాంతానికే వర్తిస్తుంది. నార్వే తనదనే పీటర్ 1 ద్వీపం ఆ గీతకు లోపల ఉంది కాబట్టి దాని మీది హక్కు ఒప్పందం కింద ఎక్కడిదక్కడ ఆగింది. బువే ద్వీపం మీద మాత్రం నార్వేతో పోటీపడే దేశమే లేదు. ఇంత తేడాను ‘అంటార్కిటికాలోని’ అన్న ఒక్క మాట చెరిపేస్తోంది.

రెండో తప్పు పేరు. 1739 జనవరి 1న దీన్ని మొదట చూసినవాడు ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ నావికుడు బువే ద లోజియే. మన దేశానికి వచ్చే కంపెనీ ఓడలకు దారిలో మజిలీ దొరుకుతుందేమోనని వెతుకుతూ వెళ్లిన ఆయన, పొగమంచులో కనిపించిన ఈ గడ్డను దక్షిణ ఖండపు కొన అనుకుని, ఆ రోజు క్రైస్తవులు జరుపుకునే యేసు సున్తీ పండుగ పేరుతో సున్తీ అగ్రమని పిలిచాడు. రేఖాంశం తప్పుగా నమోదు కావడంతో, తరువాత వెతికిన కెప్టెన్ కుక్‌కు అది దొరకనే లేదు. 1808లో తిమింగలాల వేట ఓడ మీద వచ్చిన లిండ్సే చూశాక అది లిండ్సే ద్వీపమైంది. 1825లో బ్రిటిష్ నావికుడు నోరిస్ దానికి లివర్‌పూల్ అని పేరు పెట్టి, దగ్గర్లోనే థాంప్సన్ అనే మరో ద్వీపాన్ని చూశానన్నాడు. ఆ రెండో ద్వీపం నేటికీ ఎవరికీ కనిపించలేదు. 1898లో జర్మన్ ఓడ వాల్డివియా అసలు ద్వీపం స్థానాన్ని సరిగ్గా లెక్కకట్టింది. 1927లో అక్కడ దిగి తమ జెండా ఎగరేసిన నార్వే వారు మాత్రం సొంత పేరేదీ రుద్దకుండా, 188 ఏళ్ల కిందటి ఫ్రెంచి నావికుడి పేరునే నిలబెట్టారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఘట్టమే. ఇంత దూరం నడిచి నిలిచిన పేరును ఇంగ్లిషు అక్షరాలు చూసి ‘బౌవెట్’ అని రాస్తే ఆ మనిషి కనుమరుగవుతాడు. ఫ్రెంచిలో చివరి ‘ట’ పలకదు. నార్వే వారూ పలకరు.

తెలుగువారికి ఇది కొత్త విద్య కాదు. హైదరాబాదు జనం నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మొస్యే రేమో పేరును చెవితో విని మూసారాం చేసుకున్నారు. మూసారాంబాగ్ అలా వచ్చిందే. బొబ్బిలి కథ చెప్పేవారు అందులోని ఫ్రెంచి సేనానిని బుస్సీ అన్నారు. విన్నది విన్నట్టు రాయగల లిపి మనకుంది.

ఇదే జాగ్రత్త అక్కడి ఇతర పేర్లకూ కావాలి. నార్వే భాషలో ‘బువేఓయా’ అంటేనే బువే ద్వీపం, దాని పక్కన మళ్లీ ‘ద్వీపం’ అక్కరలేదు. 1955–58 మధ్య కొండచరియ విరిగిపడి ఏర్పడిన పడమటి తీరపు చదును నేలకు నీరోయ్‌సా అని పేరు, అంటే కొత్త రాళ్లకుప్ప. గోదావరి పాయలో మేట వేసిన నేలను మనం లంక అన్నంత సహజమైన పేరది; అర్థంతో సహా ఇస్తే పిల్లలకు ఊరికే గుర్తుంటుంది.

వచ్చే ఆదివారం అదే పుటలో, అదే సైజు అక్షరాల్లో, ‘దక్షిణ అట్లాంటిక్‌లోని బువే ద్వీపం’ అని సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. మనవరాలి నోటుపుస్తకంలో దాని పక్కన చోటు వదిలి ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం